దత్తత పత్రం ఒక్కటే ఉంటే పాప విమానం ఎక్కదు

ప్రశ్న: మాది ఉయ్యూరు దగ్గర పల్లె. మాకు ఇద్దరూ ఆడపిల్లలే. మా చెల్లెలు, మరిది డాలస్‌లో స్థిరపడ్డారు. వాళ్లకి పిల్లల్లేరు. ఆరేళ్ల మా రెండో పాపని వాళ్లకి దత్తత ఇద్దామని రెండు వైపుల పెద్దవాళ్లూ అనుకున్నారు. సంక్రాంతికి వచ్చినప్పుడు రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం రాయించి, వెంటనే వీసాకి పెడదామంటున్నారు. తిరుగు ప్రయాణానికి పాపకి కూడా టికెట్ తీశారు. ఇంకేమన్నా కాగితాలు కావాలా?

జవాబు: అమ్మా, ముందు ఆ టికెట్ రద్దు చేయించండి. దత్తత పత్రం రాయించే పని కూడా ఆపండి. మీరు పాపని ఇవ్వకూడదని కాదు, తప్పకుండా ఇవ్వొచ్చు. అయితే పనులు ఏ వరుసలో జరగాలో ఆ వరుసలోనే జరగాలి. పత్రం ముందు రాయించేసుకుంటే తర్వాత తెరుచుకోవాల్సిన తలుపులు మూసుకుపోతాయి.

ఇది మీ ఒక్క ఇంటి ప్రశ్న కాదు. కంకిపాడు నుంచి అవనిగడ్డ దాకా అమెరికాలో మనిషి లేని వీధి అరుదు. అక్క బిడ్డని చెల్లెలు, అన్న బిడ్డని తమ్ముడు పెంచుకోవడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. పెద్దల ముందు ఒళ్లో కూర్చోబెట్టి, పసుపు కుంకుమలు పెట్టి, పత్రం రిజిస్టరు చేయిస్తే దత్తత అయిపోయిందనే మన నమ్మకం. మనదేశంలో అది నిజమే. 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం ప్రకారం పిల్లకి పదిహేనేళ్లు నిండకపోతే, పెళ్లి కాకపోతే, ఇచ్చిపుచ్చుకోవడం నిజంగా జరిగితే ఆ దత్తత చెల్లుతుంది. రిజిస్టరైన పత్రముంటే దత్తత సక్రమంగానే జరిగిందని కోర్టు భావిస్తుంది. చిక్కు వచ్చేది పిల్ల దేశం దాటాల్సి వచ్చినప్పుడే.

పిల్లల్ని ఒక దేశం నుంచి మరో దేశానికి దత్తత ఇవ్వడం మీద 1993లో హేగ్‌లో ఒక ఒప్పందం కుదిరింది. మనదేశంలో అది 2003 అక్టోబర్ 1 నుంచి, అమెరికాలో 2008 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పిల్లని పంపే దేశం, తీసుకునే దేశం రెండూ ముందుగా పరిశీలించి సరేనన్నాకే దత్తత జరగాలన్నది దాని సారాంశం. మనవైపు ఆ పని చూసేది ఢిల్లీలోని కేంద్ర దత్తత వనరుల సంస్థ, అందరూ ‘కారా’ అంటారు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 56వ సెక్షన్ ఇంకా గట్టిగా చెప్పింది: విదేశీ దత్తతలన్నీ ఈ చట్టం ప్రకారమే జరగాలి. చెల్లుబాటయ్యే ఉత్తర్వు లేకుండా పిల్లని విదేశానికి తీసుకెళ్లినా, పంపినా, పంపే ఏర్పాట్లలో పాలుపంచుకున్నా 80వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. సొంత పిన్ని దగ్గరికే కదా అన్న మాట అక్కడ అక్కరకు రాదు.

ఇంత కట్టుదిట్టం ఎందుకని మీకు అనిపించవచ్చు. విదేశీ దత్తతల పేరుతో పిల్లల్ని అమ్ముకుంటున్నారని లక్ష్మీకాంత్ పాండే అనే లాయరు రాసిన లేఖనే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుని 1984లో తొలిసారి నియమాలు పెట్టింది. మన ఉమ్మడి రాష్ట్రంలోనూ 1999లో, 2001లో లంబాడీ తండాల్లోని పేద తల్లుల దగ్గర ఆడశిశువుల్ని కొద్దిపాటి డబ్బుకి తీసుకుని, విదేశీయులకి దత్తత ఇప్పిస్తున్న వ్యవహారం బయటపడి పెద్ద దుమారమే రేగింది. నిన్నగాక మొన్న, 2025లో, వేరే రాష్ట్రాల నుంచి పసికందుల్ని తెచ్చి అమ్ముతున్న ముఠాని విజయవాడ పోలీసులే పట్టుకున్నారు. ఈ నియమాలు మీలాంటి మంచి కుటుంబాన్ని విసిగించడానికి పుట్టలేదు. నోరులేని బిడ్డకి ఒక సాక్షి ఉండాలని పుట్టాయి. ఆఫీసుల చుట్టూ తిరిగి విసుగొచ్చినప్పుడు ఈ సంగతి తలచుకోండి.

ఇక అసలు విషయం. మీ చెల్లెలు, మరిదిలో కనీసం ఒకరు అమెరికా పౌరులేనా? ముందు ఇది తేల్చుకోండి. పౌరులైతే అక్కడి ఇమిగ్రేషన్ శాఖలో ఐ-800ఏ అనే అర్జీ పెట్టాలి. అది వాళ్ల ఇంటిని, సంపాదనని, ఆరోగ్యాన్ని, వేలిముద్రల్ని పరిశీలించి ‘వీళ్లు పిల్లని పెంచగలరు’ అని తేల్చే అనుమతి. అది వచ్చాక, ఫలానా పాప కోసం అంటూ ఐ-800 పెట్టాలి. పాపకి పదహారేళ్లు నిండకముందే ఇది పెట్టాలి కాబట్టి మీకు వయసుతో ఇబ్బంది లేదు. ఈ రెండో అర్జీకి తాత్కాలిక ఆమోదం రాకముందే దత్తత జరిగిపోతే దాన్ని తిరస్కరించాలని అక్కడి నిబంధన. ఆ దత్తతని చట్టప్రకారం రద్దు చేయించుకుని మళ్లీ మొదటి నుంచీ రమ్మంటారు. ఇక్కడేమో మన 1956 చట్టం 15వ సెక్షన్ అందుకు ఒప్పుకోదు. సక్రమంగా జరిగిన దత్తతని తీసుకున్నవాళ్లు రద్దు చేయలేరు, ఇచ్చినవాళ్లు చేయలేరు, పాప కూడా తిరిగి పుట్టింటి బిడ్డ కాలేదు. అక్కడ రద్దు చేసుకుని రమ్మంటారు, ఇక్కడ రద్దు కుదరదంటారు. సంక్రాంతి సంబరంలో చేసిన ఒక్క సంతకంతో ఆరేళ్ల పిల్ల రెండు చట్టాల మధ్య ఏళ్ల తరబడి ఇరుక్కుపోతుంది. పత్రం ఆపమని మొదటే అన్నది ఇందుకే.

వాళ్లింకా గ్రీన్‌కార్డు మీదో హెచ్-1బి మీదో ఉంటే ఈ ఐ-800 దారి లేనే లేదు, అది పౌరులకి మాత్రమే. మిగిలిన దారిలో దత్తతతో పాటు పిల్ల రెండేళ్లు వాళ్ల చట్టబద్ధమైన సంరక్షణలో, వాళ్లతో కలిసి ఉండి తీరాలి. అంటే ఒకరు ఉద్యోగం వదులుకుని ఇండియా రావాల్సిన పరిస్థితి. పౌరసత్వం దగ్గర్లో ఉంటే అది వచ్చేదాకా ఆగడమే మేలని నా అభిప్రాయం.

మనవైపు జరగాల్సింది చూద్దాం. బాలల న్యాయ చట్టం 60వ సెక్షన్ బంధువుల మధ్య విదేశీ దత్తత కోసమే ఉంది. బంధువు అంటే ఎవరో కూడా చట్టమే చెప్పింది: తండ్రి తోబుట్టువులు, తల్లి తోబుట్టువులు, ఇరువైపుల తాతలు, నానమ్మ, అమ్మమ్మ. మీ చెల్లెలు పాపకి సొంత పిన్ని కాబట్టి మీకు ఇది వర్తిస్తుంది. మనం నోరారా బాబాయి అని పిలిచే నాన్న పెదనాన్న కొడుకు మాత్రం ఈ లెక్కలోకి రాడు. ఈ దారికి మతంతో పనిలేదు. 1956 చట్టం వర్తించని క్రైస్తవ, ముస్లిం కుటుంబాలకి కూడా ఇదే దారి.

డాలస్‌లో వాళ్లు కారా గుర్తింపు ఉన్న దత్తత ఏజెన్సీని సంప్రదిస్తే, గృహ అధ్యయన నివేదికతో సహా అర్జీ కారా పోర్టల్‌కి అక్కడి నుంచే వస్తుంది. ఇక్కడ జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్లు మీ ఇంటికొచ్చి మీ కుటుంబం గురించి, పాప గురించి నివేదిక రాస్తారు. మీరిద్దరూ సమ్మతి పత్రం ఇవ్వాలి. ఐదేళ్లు దాటిన పిల్ల సమ్మతి కూడా కావాలి, మీ పాపకి ఆరేళ్లు. ఆ అధికారి రాకముందే మీరు పాపతో మాట్లాడి ఉండాలి. ‘పిన్ని వాళ్లింటికి సెలవులకి వెళ్తున్నావు’ అని చెప్పి పంపొద్దు, దయచేసి. ఎక్కడ ఉండబోతోందో, అమ్మానాన్న అని ఎవరిని పిలవబోతోందో, మీరు ఆమెకి ఏమవుతారో తెలిసే వెళ్లాలి. ఈలోగా పిన్నితో రోజూ వీడియోలో మాట్లాడించండి. కొత్త ఇంట్లో తన గది ఏదో ఇక్కడి నుంచే చూడనివ్వండి.

రెండు దేశాల అంగీకారం కుదిరాక అర్జీ కలెక్టరు దగ్గరికి వెళ్తుంది. 2022 సెప్టెంబర్ 1 దాకా ఈ ఉత్తర్వులు కోర్టులు ఇచ్చేవి, 2021 సవరణ అమల్లోకి వచ్చాక జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు ఇస్తున్నారు. రెండు నెలల్లో తేల్చాలని చట్టం. విచారణ గోప్యంగా జరుగుతుంది. 2022 ఏప్రిల్ 4న పాత కృష్ణా జిల్లా విడిపోయింది కాబట్టి విజయవాడ వెళ్లాలా, మచిలీపట్నం వెళ్లాలా అన్నది పాప ఉండే ఊరు ఏ జిల్లాలో ఉందో చూసి తేల్చుకోండి. ఉత్తర్వు వచ్చాక కారా నిరభ్యంతర పత్రం, ఒప్పందం ప్రకారమే జరిగిందనే ధ్రువపత్రం ఇస్తుంది. పాస్‌పోర్టు, వీసా వాటి తర్వాతే. టికెట్ అన్నిటికన్నా చివర. పద్ధతి ప్రకారం ఇక్కడే పూర్తయిన దత్తతతో, పద్దెనిమిదేళ్లలోపు వీసాతో అమెరికాలో అడుగుపెట్టిన పిల్లకి 2000 నాటి అక్కడి బాలల పౌరసత్వ చట్టం ప్రకారం ఆటోమేటిక్‌గా పౌరసత్వం వస్తుంది. అప్పటితో భారత పౌరసత్వం పోతుంది. తర్వాత ఓసీఐ కార్డు తీసుకోవచ్చు.

పనులు ఎక్కువగా ఆగేది పేర్ల దగ్గర. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, ఆధార్‌లో చివర, పాప జనన ధ్రువపత్రంలో అసలు లేకుండా ఉంటుంది. మనకి అంతా ఒకటే పేరు, వీసా అధికారికి నలుగురు మనుషులు. ఈ సంక్రాంతికి చేయాల్సిన పని ఏదైనా ఉంటే ఇదే. పాప జనన ధ్రువపత్రంలో పేరు ఎక్కిందో లేదో చూడండి, లేకపోతే పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో ఎక్కించండి. మీ పెళ్లి, మీ చెల్లెలి పెళ్లి కల్యాణమండపంలో జరిగి రిజిస్ట్రేషన్ లేకుండా ఉండిపోతే అది చేయించండి. వాళ్లు అమెరికాలో తీసుకునే కాగితాలకి అక్కడే నోటరీ, అపోస్టిల్ చేయించి తేవాలి.

ఆస్తి సంగతి మీరు అడగలేదు, కానీ డెల్టాలో భూమి మాట లేని ఇల్లు ఉండదు కాబట్టి చెబుతున్నాను. ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి పాప మీ చెల్లెలి బిడ్డ. వాళ్ల ఆస్తికి వారసురాలు, మీ ఆస్తికి కాదు. అప్పటికే పాప పేరున ఉన్నది మాత్రం పాపదే. పాపకి పసుపు కుంకుమల కింద అరెకరం రాయాలని ఉంటే దస్తావేజు ఇప్పుడే చేయించండి. తర్వాత కూడా దానంగానో వీలునామాతోనో ఇవ్వొచ్చు, కానీ హక్కుగా మాత్రం రాదు. ఇంకొక మాట. బిడ్డని ఇచ్చినందుకు బదులుగా డబ్బు ఏ రూపంలో చేతులు మారినా నేరం. ప్రేమతో కట్టించిన గది అయినా, తీర్చిన అప్పు అయినా ఈ సమయంలో వద్దు. విచారణలో అది వేరేలా కనిపిస్తుంది.

బంధువుల బిడ్డ కాకుండా శిశుగృహ నుంచి దత్తత తీసుకోవాలనుకునే ప్రవాసులకి క్లుప్తంగా: భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులని ఇక్కడివాళ్లతో సమానంగా చూస్తారు. ఓసీఐ వారికి విదేశీయుల కన్నా ముందు ప్రాధాన్యం ఉంటుంది. భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటితే రెండేళ్లలోపు బిడ్డని ఇవ్వరు. ఒంటరి పురుషుడికి ఆడపిల్లని ఇవ్వరు. బిడ్డని తీసుకోవడానికి స్వయంగా రావాలి, తాతయ్యనో అమ్మమ్మనో పంపితే కుదరదు. ఆస్పత్రి ఆయా చెప్పిందనో, తెలిసిన మధ్యవర్తి ఉన్నాడనో ఎవరన్నా అంటే 1098కి ఫోన్ చేయండి.

పత్రం ఇప్పటికే రిజిస్టరు చేసేసినవాళ్లు దాన్ని చించేయడమో, మరో తేదీతో కొత్తది రాయించడమో చేయకండి, రెండూ కేసుని పాడుచేస్తాయి. హిందూ చట్టం కింద దత్తత చేసుకుని విదేశం వెళ్లేవారి కోసం 2021 సెప్టెంబర్‌లో దత్తత నిబంధనలు సవరించారు, 2022 నిబంధనల్లోనూ అది కొనసాగింది. కలెక్టరు పరిశీలించి ధ్రువీకరిస్తే కారా నిరభ్యంతర పత్రం ఇచ్చే వీలుంది, తీసుకునే దేశం అంగీకరించడం మాత్రం తప్పనిసరి. ఆ పత్రం నకలు, పాప జనన ధ్రువపత్రం, దత్తత తీసుకున్నవాళ్ల వీసా వివరాలు పట్టుకుని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లండి. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థని అడగండి. మహిళలకి, పిల్లలకి ఆదాయంతో నిమిత్తం లేకుండా లాయరుని ఉచితంగా ఇస్తారు, ఫోన్ 15100.