బ్రాల్ స్టార్స్‌లో ఓడితే తప్పు ఫోన్‌దేనా? అంబాజీపేటలో కూర్చుని 41 చావులు లెక్కేశాం

మా మావయ్య కొడుకు అంబాజీపేట నుంచి ఫోన్ చేసి, "బావా, 32 వేలల్లో మంచి గేమింగ్ ఫోన్ ఏది?" అని అడిగాడు. రివ్యూలు రాసేవాడికి ఇలాంటి కాల్స్ మామూలే. నాలుగు మోడల్స్ పేర్లు చెప్పి పెట్టేసేవాణ్ణే. కానీ "కొబ్బరికాయల డబ్బులు రాగానే నాన్న ఇస్తానన్నారు" అనేసరికి ఆగాను. వాడి చేతిలో ఉన్నది రెండేళ్ల క్రితం నేనే దగ్గరుండి కొనిపించిన ఫోన్. 6 జీబీ ర్యామ్, 90 హెర్ట్జ్ స్క్రీన్. దానికేమైందిరా అంటే, "బ్రాల్ స్టార్స్‌లో ప్రతిసారీ లాగ్ వల్లే చచ్చిపోతున్నా" అన్నాడు.

ఒక్క వారం ఆగమని చెప్పి, ఆదివారం పొద్దున్నే రాజమండ్రిలో బండి తీశాను. రావులపాలెం మీదుగా వాళ్లింటికి చేరేసరికి అత్తయ్య పెసరట్లు వేస్తోంది. తిన్నాక మొదలుపెట్టిన పరీక్ష సాయంత్రం దాకా సాగింది. మీలో ఎవరికైనా ఇదే అనుమానం ఉంటే, కొత్త ఫోన్ ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి.

గేమ్ తెలియనివాళ్ల కోసం కొంచెం. ఫిన్‌లాండ్‌కి చెందిన సూపర్‌సెల్ కంపెనీ బ్రాల్ స్టార్స్‌ని 2018 డిసెంబరులో ప్రపంచమంతా విడుదల చేసింది. మైదానాన్ని పైనుంచి చూస్తూ ఆడతాం, డాబా మీంచి వీధిలో పిల్లల ఆట చూసినట్టు. ఎడమ బొటనవేలితో నడక, కుడి బొటనవేలితో గురి. ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1982లో వచ్చిన రోబోట్రాన్: 2084 అనే ఆర్కేడ్ మెషీన్‌కే నడవడానికి ఒక జాయ్‌స్టిక్, కాల్చడానికి ఇంకో జాయ్‌స్టిక్ ఉండేవి. మా వాడికి ఇష్టమైన మోడ్ జెమ్ గ్రాబ్. ముగ్గురు ఒకవైపు, ముగ్గురు ఇంకోవైపు. మధ్యలో గనిలోంచి వచ్చే రత్నాలు జట్టుగా పది పోగేసి, 15 సెకన్లు పోగొట్టుకోకుండా కాపాడుకోవాలి. మ్యాచ్ సాధారణంగా మూడు నాలుగు నిమిషాల్లో తేలిపోతుంది.

ఈ గేమ్‌లో నాకు బాగా నచ్చేది ఏంటంటే, తూటా తగిలేలోపు టైమ్ ఉంటుంది. చాలా షూటింగ్ గేమ్స్‌లో ట్రిగ్గర్ నొక్కగానే దెబ్బ పడిపోతుంది. ఇక్కడ తూటా గాల్లో ప్రయాణిస్తూ కళ్లకి కనబడుతుంది, పక్కకి జరిగితే తప్పించుకోవచ్చు. అందుకే శత్రువు ఉన్నచోటికి కాదు, ఉండబోయే చోటికి కాల్చాలి. ఫైర్ బటన్ ఊరికే తట్టి వదిలితే గేమ్ తనే దగ్గరి శత్రువుకి గురిపెడుతుంది, కానీ అప్పుడు వాడున్న చోటికే. పరిగెత్తేవాడికి అది తగలదు. బటన్‌ని లాగి మనమే గురిపెట్టాలి. చాలామంది బ్రాలర్లకి తూటాలు ఒక్కసారికి మూడే, అయిపోతే నిండేదాకా ఆగాలి. షెల్లీ చేతిలో ఉన్నది షాట్‌గన్ కాబట్టి దగ్గరికెళ్తే ఎక్కువ గుళ్లు తగులుతాయి. పైపర్ తూటా మాత్రం ఎంత దూరం వెళ్తే అంత గట్టిగా తగులుతుంది. పొదల్లో దాక్కుంటే కనబడం. ఇన్ని చిన్న రూల్స్ కలిసి మూడు నిమిషాల్లో చదరంగం ఆడిస్తాయి.

కానీ ఆ కొద్ది టైమే చిరాకులకీ మూలం. తూటా కనబడుతోంది, జరిగాను, అయినా తగిలింది! మా వాడి ఫిర్యాదు ఇదే.

ఇలా జరగడానికి కారణం ఫోన్ కావచ్చు, నెట్ కావచ్చు, ఎదుటివాడి బ్రాలర్ లెవెల్ కావచ్చు, మన బొటనవేలూ కావచ్చు. నాలుగూ బయటికి ఒకేలా కనబడతాయి. అందుకే ముందు ఫోన్‌ని విడదీశాను. ఫ్లైట్ మోడ్ పెట్టి, నెట్ లేకుండా ఆడగలిగే సోల్ నైట్ అనే గేమ్ ఇచ్చాను. అదీ పైనుంచి చూసే కాల్పుల ఆటే. బ్రాల్ స్టార్స్ కంటే తేలికైనదే అయినా టచ్ సంగతి తెలుస్తుంది. అరగంట ఆడాడు. ఎక్కడా తడబడలేదు. చివర్లో రెండుసార్లు మాత్రం నడక దానంతటదే ఆగిపోయింది. చూస్తే వేలు చెమటకి తడిసి ఉంది. మే నెలలో కోనసీమ ఉక్క మీకు తెలిసిందే, స్క్రీన్ మీద తేమ చేరితే టచ్‌కి వేలేదో నీటిచుక్కేదో తెలియదు. అత్తయ్య పౌడర్ డబ్బా తెచ్చి చిటికెడు బొటనవేలికి రాశాం. నవ్వకండి, పనిచేసింది.

తర్వాత నెట్. స్పీడ్ టెస్ట్ పెట్టగానే "చూడు బావా, 80 ఎంబీపీఎస్!" అన్నాడు. అందరూ చేసే పొరపాటే ఇది. గేమ్‌కి కావలసింది వెడల్పు కాదు. రేవులో పంటు ఎంత పెద్దదైనా, ఎక్కినవాడు అవతలి ఒడ్డు చేరే టైమ్ తగ్గదు కదా. మన కదలిక సర్వర్‌కి వెళ్లి జవాబు తిరిగొచ్చే టైమే పింగ్. అదొక్కటే కూడా సరిపోదు, పంటు ఒకసారి పది నిమిషాలకీ ఇంకోసారి గంటకీ వస్తే ప్లాన్ వేసుకోలేం. ఆ ఎగుడుదిగుడునే జిట్టర్ అంటారు. స్పీడ్ టెస్ట్ యాప్స్‌లో చిన్న అక్షరాలతో అడుగున ఉంటుంది, ఎవరూ చూడరు.

రూటర్ ముందు హాల్లో టీవీ పక్కన. వీడు ఆడేది వంటింటి వెనక గదిలో. మధ్యలో పాతకాలం మందపాటి గోడలు రెండు. అక్కడ పింగ్ 60 దగ్గర మొదలై ఉన్నట్టుండి 300 దాటుతోంది. హాల్లో కూర్చుంటే 50కీ 65కీ మధ్య నిలకడగా ఉంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై గోడ దాటితే బలహీనపడుతుంది, 2.4 గోడలు దాటుతుంది కానీ చుట్టుపక్కల ఇళ్ల రూటర్లన్నీ దానిమీదే గోల చేస్తుంటాయి. ఇంకో దొంగ కూడా దొరికాడు: వాడి ఫోన్‌లోనే ఫోటో బ్యాకప్. చెల్లెలి ఓణీల ఫంక్షన్ వీడియోలు అప్‌లోడ్ అవుతుంటే ఆట సమాచారం వాటి వెనక క్యూలో నిలబడుతోంది!

ఒక లెక్క చెప్తాను. 60 ఫ్రేమ్స్‌తో ఆడుతుంటే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. పింగ్ ఒక్కసారి 200 పెరిగితే 12 ఫ్రేములు ఆలస్యం. 90 హెర్ట్జ్ నుంచి 120 హెర్ట్జ్ ఫోన్‌కి మారితే ఒక్కో ఫ్రేమ్‌కి మిగిలేది 3 మిల్లీసెకన్ల లోపే.

ఇది చెప్తుంటే మావయ్య పేపర్ దించి, "ఏరా అబ్బాయ్, అంటే ఆ మూడింటికి 32 వేలా?" అన్నారు. మా వాడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

మధ్యాహ్నం అసలు పరీక్ష. స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి జెమ్ గ్రాబ్ 12 మ్యాచ్‌లు ఆడించాను, మొదటి ఆరు వెనక గదిలో, మిగతావి హాల్లో. తర్వాత వీడియో మెల్లగా తిప్పుతూ ప్రతి చావుకీ కారణం నోట్‌బుక్‌లో రాశాం. మొత్తం 41. నెట్ తటపటాయించి పోయినవి 9, అవన్నీ వెనక గదివే. చెమట వేలి వల్ల 2. ఎదుటివాడి బ్రాలర్ బాగా పెద్ద లెవెల్‌లో ఉండి పోయినవి 11. మిగిలిన 19 వాడి సొంతం. ఆ పందొమ్మిదిలో ఎక్కువ శాతం ఒకటే కథ: మూడు తూటాలూ గురి లేకుండా తట్టేసి, ఖాళీ చేతులతో ముందుకే పరిగెత్తడం. మూడు సెకన్లు కాల్చకుండా, దెబ్బ తినకుండా ఆగితే ఆరోగ్యం తిరిగి నిండటం మొదలవుతుందని వీడికి తెలుసు. ఆగడు.

ఆ 11 గురించి మాత్రం నాది వాడి పక్షమే. ఇప్పుడున్న రూల్స్ ప్రకారం పవర్ లెవెల్ పెరిగిన కొద్దీ బ్రాలర్ ఆరోగ్యం, దెబ్బ పెరుగుతాయి. లెవెల్ 1తో పోలిస్తే లెవెల్ 11లో రెట్టింపు. పైగా గాడ్జెట్లు, స్టార్ పవర్లు పై లెవెల్స్‌లోనే తెరుచుకుంటాయి. కొత్త బ్రాలర్‌ని పెంచాలంటే నెలల ఓపిక కావాలి, లేదా డబ్బు. బాక్సుల్లో అదృష్టం వెతుక్కునే పద్ధతిని 2022 డిసెంబరులో తీసేశారు, అది మంచి మార్పే. 2023లో స్టార్ డ్రాప్స్ పేరుతో లాటరీ రుచి మళ్లీ వచ్చింది. గురి నేర్చుకున్నవాడు గెలవాలని కట్టిన ఆటలో ఇది నాకు మింగుడుపడదు. నా సలహా: అన్నిటినీ తలా కాస్త పెంచకుండా, ఇద్దరు ముగ్గురు బ్రాలర్లని ఎంచుకుని వాళ్లమీదే కాయిన్స్ పెట్టండి.

సాయంత్రం అమలాపురం వెళ్లి పొడవాటి ల్యాన్ కేబుల్ కొన్నాం. పాత రూటర్ ఒకటి మా ఇంట్లో పడి ఉంటే వచ్చేవారం తెచ్చి వెనక గదిలో పెడతానన్నాను. బ్యాకప్‌ని రాత్రి పూటకి మార్చాం. లాగి గురిపెట్టడం తప్ప తట్టడం మానేయమని వాడికి వారం రోజుల షరతు పెట్టాను. మొదటి రెండు రోజులూ ఇంకా ఘోరంగా ఓడిపోయి నన్ను తిట్టాడు. మూడోరోజు రాత్రి పదకొండింటికి వీడియో పంపాడు: పది రత్నాలు పట్టుకుని పొదలో కదలకుండా కూర్చున్నాడు, కౌంట్‌డౌన్ నడుస్తోంది, 4, 3... అక్కడ కరెంటు పోయింది. రూటర్‌కి బ్యాటరీ బ్యాకప్ ఏది మంచిదో చెప్పమని ఇప్పుడు అడుగుతున్నాడు.