పొలం అమ్మే ముందు తెలుసుకోవలసిన పన్ను పాఠం

పాడి రైతుకు పశువు ఎంత ముఖ్యమో, ఆ పశువుకు మేత ఇచ్చే పొలం అంతే ముఖ్యం. నగరం దగ్గరకు వచ్చిన కొద్దీ పొలం ధర పెరుగుతుంది, అమ్మమని అడిగేవారూ పెరుగుతారు. బాచుపల్లి ఇందుకు మంచి ఉదాహరణ. పక్కనున్న మియాపూర్‌కు 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చింది. 2019లో బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్‌లను కలిపి నిజాంపేట నగరపాలక సంస్థ ఏర్పాటు చేశారు. ఇటువంటి చోట ఎకరం, అరెకరం అమ్ముకునే సభ్యుడు ధర గురించి పదిమందిని అడుగుతాడు గాని, పన్ను గురించి మాత్రం రిజిస్ట్రేషన్ అయిన తరువాతే అడుగుతాడు. అప్పటికి సగం దారులు మూసుకుపోతాయి. అందుచేత ఈ పాఠంలో మూలధన లాభాల పన్నును గురించి వివరిస్తున్నాము.

ఏ భూమికి పన్ను ఉంది?

"పహాణీలో వ్యవసాయ భూమి అని ఉంది, వ్యవసాయానికి పన్ను లేదు గదా" అని చాలామంది అంటారు. ఈ మాట సగమే నిజం. 1970కి పూర్వం మన దేశంలో ఏ వ్యవసాయ భూమి అమ్మినా ఈ పన్ను ఉండేది కాదు. 1970 ఆర్థిక చట్టం పట్టణాల లోపల, వాటి సమీపంలో ఉన్న వ్యవసాయ భూమిని పన్ను పరిధిలోకి తెచ్చింది. 2013 ఆర్థిక చట్టం దూరాలను ఇట్లా నిర్ణయించింది:

పదివేలు, అంతకు మించి జనాభా గల పురపాలక సంఘం హద్దులలో ఉన్న భూమికి పన్ను ఉంది. హద్దుల బయట అయితే, పట్టణ జనాభా 10 వేలు దాటి లక్ష లోపు ఉంటే 2 కిలోమీటర్ల వరకు, లక్ష దాటి 10 లక్షల లోపు ఉంటే 6 కిలోమీటర్ల వరకు, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్ల వరకు పన్ను వర్తిస్తుంది. ఈ దూరాన్ని రోడ్డు వెంబడి కాక ఆకాశమార్గాన, అంటే తిన్నని గీతలో కొలుస్తారు. రోడ్డు మీద 11 కిలోమీటర్లున్న పొలం తిన్నగా కొలిస్తే 8 కిలోమీటర్ల లోపే పడవచ్చు.

బాచుపల్లి పొలం ఈ లెక్కన పట్టణ భూమే. అందులో వరి పండినా, పచ్చిగడ్డి పెరిగినా, అమ్మితే వచ్చిన లాభానికి పన్ను ఉంది. ఈ దూరాలకు అవతల ఉన్న పల్లెలోని వ్యవసాయ భూమికి మాత్రం లేదు.

2024లో వచ్చిన మార్పు

రెండేళ్ళకు మించి మన చేతిలో ఉన్న భూమిని అమ్మితే వచ్చేది దీర్ఘకాలిక లాభం. రెండేళ్ళ లోపు అమ్మితే ఆ లాభం మిగతా ఆదాయంతో కలిసి మామూలు రేట్లకు లోబడుతుంది.

దీర్ఘకాలిక లాభంపై లోగడ 20 శాతం పన్ను ఉండేది. అయితే కొన్న ధరను ధరల సూచీ ప్రకారం పెంచి, ఆ పెంచిన ధరను అమ్మకం ధరలోంచి తీసివేసేవారు. 2024 జూలై 23 నుండి రేటు 12.5 శాతానికి తగ్గింది, ధర పెంచే వీలు తీసివేశారు. అయితే ఆ తేదీకి ముందు సంపాదించిన భూమికి, ఇండ్లకు, దేశంలో నివసించే వ్యక్తులు, హిందూ అవిభక్త కుటుంబాలు రెండు లెక్కలలో ఏది తక్కువైతే దాని ప్రకారం పన్ను కట్టవచ్చు. రెండు ఉదాహరణలు చూద్దాం. రెండింటిలోనూ అమ్మకం 2024 అక్టోబరులో జరిగిందనుకుందాం.

మొదటిది: 2001కి ముందు కొన్న పొలం. 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు, అయితే అది ఆనాటి రిజిస్ట్రేషన్ విలువను మించరాదు. ఆ విలువ 5 లక్షలు, అమ్మిన ధర కోటి రూపాయలు అనుకుందాం. కొత్త లెక్కన లాభం 95 లక్షలు, పన్ను 11,87,500 రూపాయలు. పాత లెక్కన సూచీ 100 నుండి 363కు పెరిగింది కనుక కొన్న ధర 18.15 లక్షలు, లాభం 81.85 లక్షలు, పన్ను 16,37,000 రూపాయలు. ఇక్కడ కొత్త లెక్క మేలు.

రెండవది: 2012-13లో 40 లక్షలకు కొని 75 లక్షలకు అమ్మిన స్థలం. కొత్త లెక్కన లాభం 35 లక్షలు, పన్ను 4,37,500 రూపాయలు. పాత లెక్కన సూచీ 200 నుండి 363కు పెరిగింది కనుక కొన్న ధర 72.6 లక్షలు, లాభం 2.4 లక్షలు, పన్ను 48,000 రూపాయలే. ఇక్కడ పాత లెక్క మేలు.

సెస్సు, సర్‌ఛార్జి దీనికి అదనం. ధర ఎన్నో రెట్లు పెరిగిన భూమికి కొత్త లెక్క, నెమ్మదిగా పెరిగిన దానికి పాత లెక్క లాభమని గ్రహించాలి. రెండూ వేయించి చూడకుండా పన్ను కట్టవద్దు.

పొలానికి పొలం

పాడి రైతుకు అన్నింటికంటె మేలైన దారి ఇది. అమ్మకానికి ముందు రెండేళ్ళు ఆ భూమిలో తాను గాని, తల్లిదండ్రులు గాని వ్యవసాయం చేసి ఉండాలి. అమ్మిన రెండేళ్ళలోగా మరొకచోట వ్యవసాయ భూమి కొంటే, కొన్న మేరకు లాభంపై పన్ను ఉండదు. మొదటి ఉదాహరణలోని రైతు 70 లక్షలతో పొలం కొంటే, మిగిలిన 25 లక్షలపై 3,12,500 రూపాయలు కడితే చాలు. పశువులకు మేత భూమి కూడా నిలుస్తుంది. రిటర్ను గడువులోగా పొలం దొరకకపోతే, ఆ డబ్బును బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేయాలి. మామూలు పొదుపు ఖాతాలో ఉంచితే ఈ మినహాయింపు రాదు. కొత్త పొలాన్ని మూడేళ్ళలోపు అమ్మరాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. వ్యవసాయమంటే దున్నడం, విత్తడం వంటి పనులు భూమిపై జరగాలని సుప్రీంకోర్టు 1957లో చెప్పింది. విత్తి పెంచిన పచ్చిగడ్డి వ్యవసాయమే. దానంతట మొలిచిన గడ్డిలో పశువులను మేపినంత మాత్రాన వ్యవసాయం కాదు. కనుక పహాణీ నకళ్ళు, గడ్డి విత్తనాల రశీదులు, దున్నిన కూలి చీటీలు భద్రపరచుకోవాలి. పాల చీటీ మనం పాలు పోసినట్లు చూపుతుంది గాని, పొలం దున్నినట్లు చూపదు.

పొలం కొనలేనివారు అమ్మిన ఆరు నెలలలోగా కేంద్రం గుర్తించిన బాండ్లలో 50 లక్షల వరకు పెట్టవచ్చు. ఆ సొమ్ము అయిదేళ్ళు కదలదు.

బిల్డరుకు ఇచ్చినప్పుడు

కొందరు పొలం అమ్మక, వాటా ఫ్లాట్ల కొరకు బిల్డరుకు ఇస్తారు. 2017 ఆర్థిక చట్టం ప్రకారం, రిజిస్టరు చేసిన ఒప్పందం ఉంటే, వ్యక్తులకు, అవిభక్త కుటుంబాలకు ఈ పన్ను భవన నిర్మాణం పూర్తయినట్లు ధ్రువపత్రం వచ్చిన సంవత్సరంలో పడుతుంది. ఆ పత్రం రాకముందే తన వాటాను అమ్ముకుంటే ఈ సౌకర్యం పోతుంది. అదీగాక, ముందే నాలా మార్పిడి చేయించి సాగు ఆపివేస్తే, పొలానికి పొలం మినహాయింపు చేజారవచ్చు. సంతకానికి ముందే ఆడిటరును అడగాలి.

కాగితంపై ధర

రిజిస్ట్రేషన్‌లో ధర తక్కువ వేయించమని చెప్పేవారి మాట వినవద్దు. ప్రభుత్వ విలువ కాగితంపై ధరను 10 శాతానికి మించి దాటితే, ఆ విలువనే అమ్మిన ధరగా లెక్కిస్తారు. 2015 జూన్ నుండి భూమి బయానాతో సహా 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోవడం సాధారణంగా నిషిద్ధం. పుచ్చుకున్నంత మొత్తం జరిమానాగా పడవచ్చు. ఇటువంటి పట్టణ భూమి ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనుగోలుదారు 1 శాతం మినహాయించి మన పేర జమ కడతాడు. రిటర్ను వేసినవారికే అది లెక్కలో కలుస్తుంది.

1961 చట్టం స్థానంలో తెచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టాన్ని 2026 ఏప్రిల్ 1 నుండి వర్తించేలా చేశారు. సెక్షన్ల సంఖ్యలు మారినందున ఇక్కడ వాటిని ఇవ్వలేదు.

సంఘ కార్యదర్శులు ఈ పాఠాన్ని సభ్యుల సమావేశంలో చదివి వినిపించాలని కోరుతున్నాము. బయానా పుచ్చుకొనక ముందే దూరం కొలిపించండి, రెండు లెక్కలూ వేయించండి, మేత భూమి ఎక్కడ కొనాలో ఇంటిల్లిపాదీ కూర్చొని నిర్ణయించుకోండి. పొలం పోయినా పాడి నిలవాలంటే ఆ నిర్ణయం ముందు జరగాలి.