మానిటర్ కొనేముందు: “ఎన్ని ఇంచులు?” అని ఒక్కటే అడిగితే చాలదు

ముద్ర శిశు రుణంతో ఆన్‌లైన్ సేవల అంగడి పెట్టుకునే లబ్ధిదారుల కోసం

ఈ పాఠం మీరు ఫోన్లో చదువుతున్నారు కదా. ఒక్కసారి ఫోన్‌ను అడ్డంగా తిప్పి చూడండి. అక్షరాలు పెద్దవవుతాయి, కానీ ఒకేసారి కనిపించే వరుసలు తగ్గిపోతాయి. ఫోన్ అదే, ఇంచులు అవే, పని మాత్రం మారిపోయింది. మానిటర్ కొనేటప్పుడు మనవాళ్లు మోసపోయేది సరిగ్గా ఇక్కడే.

నిమ్మనపల్లెలోనో, పుంగనూరు, కుప్పం పక్క పల్లెల్లోనో జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తులు, పాస్‌పోర్టు సైజు ఫోటోల అంగడి పెట్టాలనుకునేవారికి ప్రధానమంత్రి ముద్ర యోజన ఒక దారి. 2015 ఏప్రిల్ 8న మొదలైన ఈ పథకంలో శిశు విభాగం కింద రూ.50,000 వరకు రుణం వస్తుంది. పూచీకత్తు అక్కర్లేదు. దరఖాస్తుతోపాటు గుర్తింపు, చిరునామా పత్రాలు, ఫోటోలు ఇవ్వాలి. వాటితోపాటు కొనబోయే సామాను కొటేషన్ కూడా ఇవ్వాలి. ఆ కొటేషన్లో “మానిటర్ – 1” అని మాత్రమే రాసి ఉంటే, అంగడివాళ్లు ఏది ఇస్తే అదే మీ మానిటర్. అప్పు మీది, కళ్లూ మీవే. కాబట్టి ఆ ఒక్క వరుసలో ఏం రాయించుకోవాలో తెలుసుకుందాం.

ఇంచులు అంటే ఏ కొలత?

మానిటర్ ఇంచులు వెడల్పు కాదు, ఎత్తు కాదు. ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా కొలిచింది. చుట్టూ ఉండే ప్లాస్టిక్ పట్టీ దాంట్లోకి రాదు. పెట్టె మీద కొన్నిసార్లు సెంటీమీటర్లలో రాస్తారు. 2.54తో భాగిస్తే ఇంచులు వస్తాయి. 60.4 సెంటీమీటర్లు అని ఉంటే అది 23.8 ఇంచులు. అంగట్లో దాన్నే “24 ఇంచులు” అంటారు.

ఐమూల కొలత ఒక్కటే చెప్తే తెర ఆకారం తెలియదు. పుంగనూరు ఆవును కొనబోయినవాళ్లు ముందు ఎత్తు చూస్తారు. తల నుంచి తోక దాకా కొలిచి బేరం ఆడరు. మానిటర్‌కూ ఎత్తు, వెడల్పు వేరువేరుగా తెలియాలి. వెడల్పుకూ ఎత్తుకూ ఉండే ఈ లెక్కనే స్క్రీన్ నిష్పత్తి లేదా యాస్పెక్ట్ రేషియో అంటారు. 16:9 అంటే వెడల్పు 16 పాళ్లు, ఎత్తు 9 పాళ్లు.

పాత డబ్బా టీవీలు 4:3. దాదాపు చదరంగా ఉండేవి. 1957లో వచ్చిన మాయాబజార్ ఆ కాలపు ఆకారంలోనే తీసిన సినిమా. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. దాన్ని డబ్బా టీవీలో వేస్తే పైనా కిందా నల్లపట్టీలు వచ్చేవి. టీవీ చెడిపోయి కాదు, వెడల్పు బొమ్మ చదరపు తెరలో పట్టక. ఇప్పటి టీవీలు, ఎక్కువ మానిటర్లు 16:9. వీడియోకు అది బాగా సరిపోతుంది. మీ అంగట్లో జరిగే పని వీడియోనా, కాగితమా అన్నది మీరే ఆలోచించాలి.

మీ పని కాగితంతో

ఏ4 కాగితం ఎత్తు 29.7 సెంటీమీటర్లు, అంటే సుమారు 11.7 ఇంచులు. దీన్ని గుర్తు పెట్టుకుని కింది కొలతలు చూడండి. అన్నీ ఇంచుల్లోనే.

18.5 ఇంచుల 16:9 తెర: వెడల్పు 16.1, ఎత్తు 9.1
19 ఇంచుల 5:4 పాత తెర: వెడల్పు 14.8, ఎత్తు 11.9
21.5 ఇంచుల 16:9 తెర: వెడల్పు 18.7, ఎత్తు 10.5
23.8 ఇంచుల 16:9 తెర: వెడల్పు 20.7, ఎత్తు 11.7
24 ఇంచుల 16:10 తెర: వెడల్పు 20.4, ఎత్తు 12.7
29 ఇంచుల 21:9 తెర: వెడల్పు 26.7, ఎత్తు 11.3

మొదటి రెండు వరుసలు చూడండి. ఇంచుల్లో తేడా అర ఇంచే. ఎత్తులో తేడా దాదాపు మూడు ఇంచులు. “పాతది తీసేసి కొత్త వెడల్పు మానిటర్ పెట్టినాను, ఇప్పుడు ఫారం మొత్తం కనపడదే” అని అనేవాళ్ల బాధ ఇదే. చివరి వరుస ఇంకా విచిత్రం. 29 ఇంచుల తెర 23.8 ఇంచుల తెర కంటే పొట్టిది. ఇంచులకు డబ్బు పోసి ఎత్తు పోగొట్టుకున్నట్టు.

18.5 ఇంచుల తెరలో 9 ఇంచుల ఎత్తు ఉంటే, పైన బ్రౌజర్ పట్టీలు, కింద టాస్క్‌బార్ తీసేసి మిగిలేది ఏడు ఇంచుల దగ్గర. దరఖాస్తు సగమే కనిపిస్తుంది. కింద ఉన్న బ్యాంకు ఖాతా నంబరు చూసే సమయానికి పైనున్న పేరు కనపడదు. పొరపాట్లు ఎక్కువగా అలాగే జరుగుతాయి. పొరపాటు పడితే తిరిగేది మీరు కాదు, మీ అంగడికొచ్చిన ముసలాయన. 23.8 ఇంచుల తెరలో ఏ4 పేజీని ఫుల్‌స్క్రీన్‌లో పెడితే దాదాపు అసలు సైజులోనే నిలువునా పడుతుంది. పక్కన ఇంకో సగం తెర ఖాళీగా ఉంటుంది. అక్కడ స్కాన్ చేసిన ఆధార్ తెరిచి పెట్టుకుని, చూస్తూ ఫారం నింపవచ్చు.

మీభూమిలో అడంగల్ లాంటి చాలా గడుల పట్టికలు చూసేవాళ్లకు వెడల్పు కూడా కావాలి. నీరుగట్టువారిపల్లె మగ్గాలకు కంప్యూటర్లో చీర డిజైన్లు చేసేవాళ్లకూ అంతే. ఎత్తు, వెడల్పు రెండూ కావాలంటే 16:10 మంచిది. కానీ అది తక్కువ అంగళ్లలో దొరుకుతుంది, ధర ఎక్కువ. శిశు రుణం హద్దులో సీపీయూ, ప్రింటర్ కూడా రావాలి కాబట్టి మా మాట 23.8 ఇంచుల 16:9. డబ్బు మరీ బిగుతైతే 21.5. అంతకంటే కిందికి దిగొద్దు.

చుక్కల లెక్క, తెలుగు వత్తులు

తెర మీద బొమ్మ అంతా చిన్న చుక్కలే. 1920×1080 అంటే అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080. దీన్ని ఫుల్ హెచ్‌డీ అంటారు. 18.5 ఇంచుల చవక మానిటర్లలో తరచుగా 1366×768 ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలకు అది ఎలాగో సరిపోతుంది. తెలుగుకు చాలదు. “లక్ష్మి” అని చిన్న సైజులో టైప్ చేసి చూడండి. పైన గుడి, కింద వత్తులు కలిసి ముద్దైపోతాయి. “మా పేరులో ‘ళ’ పడాల, ‘ల’ పడింది” అని వచ్చే తగాదాల్లో కొన్ని ఈ తెర వల్లే.

పెద్ద తెర అయితే అక్షరం బాగుంటుందని అనుకోకండి. 27 ఇంచుల్లో కూడా అదే 1920×1080 ఉంటే, అవే చుక్కలు ఎక్కువ జాగాలో పరుచుకుంటాయి. ఇంచుకు సుమారు 82 చుక్కలే వస్తాయి. 21.5లో 102, 23.8లో 93 వస్తాయి. 27 తీసుకుంటే 2560×1440 ఉండాలి.

ముఖాలు లావుగా కనిపిస్తుంటే

ఫోటోల పని చేసేవాళ్లు ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. 16:9 మానిటర్‌కు కంప్యూటర్‌లో 1024×768 సెట్టింగ్ ఉండిపోతే, 4:3 బొమ్మను తెర అడ్డంగా సాగదీస్తుంది. ప్రతి ముఖమూ మూడో వంతు ఎక్కువ వెడల్పుగా కనిపిస్తుంది. ఆపరేటర్ అది ఫోటో తప్పనుకుని పక్కల నుంచి నొక్కి “సరిచేస్తాడు”. తెర మీద బాగుంటుంది. ప్రింట్ తీస్తే మనిషి సన్నగా, పొడుగ్గా వస్తాడు. 3.5×4.5 సెంటీమీటర్ల ఫోటోలో కొలత సరిపోయినా ముఖం మనిషిది కాదు. అలాంటి ఫోటో అప్‌లోడ్ చేస్తే దరఖాస్తు వెనక్కి రావచ్చు.

పరీక్ష సులువు. పెయింట్ తెరిచి, షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఒక గుండ్రం గీయండి. తెర మీద స్కేలు పెట్టి అడ్డం, నిలువు కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. లేకపోతే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ దగ్గర “రికమెండెడ్” అని ఉన్నదాన్ని ఎంచుకోండి. అప్పటికీ సాగితే మానిటర్ బటన్ల మెనూలో ఇమేజ్ రేషియో చూడండి. ఫోటో సైజు మార్చేటప్పుడు కూడా పక్కల నుంచి లాగొద్దు. మూల పట్టుకుని, నిష్పత్తి తాళం వేసి మార్చండి. మిగిలినది క్రాప్ చేయండి.

పక్కన నిలబడినవాళ్లకూ కనపడాలి

మీ అంగట్లో తెర చూసేది మీరొక్కరే కాదు. వివరాలు సరిగ్గా ఉన్నాయా అని వచ్చినవాళ్లు పక్క నుంచి తొంగి చూస్తారు. టీఎన్ రకం తెరలు కింద నుంచో పక్క నుంచో చూస్తే నల్లబడతాయి. ఐపీఎస్ రకం ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది. సబ్మిట్ నొక్కేముందు తెర వాళ్ల వైపు తిప్పి, పేరు, ఖాతా నంబరు చదివించండి. చదవలేనివాళ్లకు మీరే పైకి చదివి వినిపించండి.

బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి వచ్చే పాత 5:4 మానిటర్లు చవక. ఎత్తు బాగుంటుంది, ఆ మాట నిజం. కానీ పాతవాటిలో వెనక లైటు పసుపు తిరిగి ఉండవచ్చు, హెచ్‌డీఎంఐ సాకెట్ ఉండకపోవచ్చు. రుణానికి కొటేషన్, జీఎస్టీ బిల్లు కావాలి కాబట్టి సెకండ్ హ్యాండ్ జోలికి పోకపోవడమే మేలు.

కొటేషన్లో ఏం రాయించాలి

మదనపల్లెలో కొన్నా, వేరేచోట కొన్నా అంగడివాళ్లను మొహమాటం లేకుండా అడగండి: “అన్నా, మోడల్ నంబరు కూడా రాయి.” కొటేషన్ వరుస ఇలా ఉండాలి: కంపెనీ, మోడల్ నంబరు, 23.8 ఇంచులు, 16:9, 1920×1080, ఐపీఎస్, హెచ్‌డీఎంఐ, వారంటీ ఎన్నేళ్లు, జీఎస్టీతో ధర. మీ సీపీయూ పాతదై వీజీఏ సాకెట్ మాత్రమే ఉంటే మానిటర్‌లోనూ వీజీఏ ఉందో లేదో ముందే చూసుకోండి.

రుణం ఇచ్చేది బ్యాంకు. ముద్ర పేరుతో మధ్యవర్తులు ఎవరూ లేరు. “మానిటర్ కూడా మేమే ఇస్తాం, సంతకం పెట్టండి” అని ఎవరైనా వస్తే నేరుగా మీ బ్యాంకు శాఖకు వెళ్లి అడగండి.

సామాను ఇంటికొచ్చిన రోజే పెట్టె మీది మోడల్ నంబరు, కొటేషన్‌లోది, బిల్లులోది మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. వెనక స్టిక్కర్ మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. టేపుతో ఐమూల కొలవండి, గుండ్రం గీసి చూడండి, “లక్ష్మి” టైప్ చేసి చూడండి. ఏదైనా తేడా ఉంటే పెట్టె, థర్మాకోల్ పారేయకుండా ఆ రోజే అంగడికి ఫోన్ చేయండి.