గదికి తగ్గ శ్రుతి

పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న గదిలో సినిమా హాలు శబ్దం వినాలనుకోవడం అత్యాశ కాదు. విజయనగరం కంటోన్మెంటులో అద్దె ఇల్లయినా, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర అపార్టుమెంటయినా అది సాధ్యమే. కానీ చాలామంది పెద్ద హాలుకు సరిపోయే సరంజామా కొనుక్కొచ్చి చిన్న గదిలో ఇరికిస్తారు. తెరమీద బాంబు పేలితే బీరువా తలుపు గడగడలాడుతుంది, అటక మీద స్టీలు గిన్నెలు మోగుతాయి, మాటలు మాత్రం అర్థం కావు. అప్పుడు గది మీద నెపం వేస్తారు.

చదువులోనూ, ఉద్యోగంలోనూ మనం చేసేది అదే. ఉన్న చోటును పూర్తిగా వాడుకోకముందే చోటు చాలలేదని తేల్చేస్తాం. ఇంట్లో 5.1 స్పీకర్లను సరిగ్గా అమర్చడం నేర్చుకున్నవాడికి ఈ అలవాటు వదులుతుంది. ఎలాగో చూద్దాం.

1. కొనే ముందు కొలవండి

దుకాణానికి వెళ్లే ముందు టేపు తీసి గది పొడవు, వెడల్పు, ఎత్తు రాసుకోండి. సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంటే 7.1 మీకు అక్కర్లేదు. అందులో అదనంగా వచ్చే రెండు స్పీకర్లు మీ వెనక ఉండాలి, వాటికి చోటు లేదు. 5.1 చాలు: ముందు మూడు, పక్కన రెండు, బాస్ అనే లోతైన శబ్దానికి ఒక సబ్‌వూఫర్.

పెట్టె మీద వేలల్లో కనిపించే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ) వాట్లను పట్టించుకోకండి, ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే వాట్ల) అంకె చూడండి. వాట్లు రెట్టింపు చేసినా శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు మోతగా అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. చిన్న గదిలో ఆ అవసరమే రాదు. ఎదుటివాడి దగ్గర ఎంత ఉందో చూసి కాదు, మనకెంత అవసరమో చూసి ఖర్చు పెట్టాలి.

2. ఎవరి చోట వాళ్లను కూర్చోబెట్టండి

ముందు స్పీకర్లు రెండూ మీకు సమాన దూరంలో ఉండాలి. మీరు నేరుగా టీవీ వైపు చూస్తున్నప్పుడు అవి చెరోవైపు 30 డిగ్రీల కోణంలో, చెవి ఎత్తులో ఉంటే మేలు. మాటలు వినిపించే సెంటర్ స్పీకర్‌ను టీవీ కింద పెట్టి, ముఖం మీ వైపు కాస్త పైకి తిప్పండి. పక్క స్పీకర్లను 110 డిగ్రీల దగ్గర, అంటే మీ భుజాలకు కొంచెం వెనగ్గా, చెవికంటే ఒక అడుగు పైన గోడకు బిగించండి. సోఫాను వెనక గోడ నుంచి ఒక్క అడుగు ముందుకు లాగినా తేడా తెలుస్తుంది.

ఇంట్లో అయినా, ఆఫీసులో అయినా సగం గొడవలు మనుషులు పనికిరాక వచ్చేవి కావు. తగిన చోట లేక వచ్చేవి.

3. మూలన పడేసి వదిలేయకండి

మూల ఖాళీగా ఉందని సబ్‌వూఫర్‌ను అక్కడికి నెట్టేస్తారు. మూలలో బాస్ విపరీతంగా పెరుగుతుంది. పైగా పదడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గరి శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటూ నిలిచిపోతుంది. పన్నెండడుగుల వైపు అది 47 హెర్ట్జ్. గది గుబగుబలాడేది అందుకే.

దీనికి పైసా ఖర్చు లేని ఉపాయముంది. సబ్‌వూఫర్‌ను తీసి మీరు కూర్చునేచోట పెట్టండి. డోలు దెబ్బలు బాగా వినిపించే పాట వేసి, వంగి గోడల వెంబడి నెమ్మదిగా కదలండి. ఒకచోట అంతా మోతే. మరోచోట బాస్ ఉందో లేదో కూడా తెలియదు. ఇంకోచోట ఒక్కో దెబ్బ విడివిడిగా, శుభ్రంగా పడుతుంది. సబ్‌వూఫర్‌కు అదే సరైన చోటు. కష్టం వచ్చినప్పుడు కూడా ఇంతే. మనం కూర్చున్నచోటే కూర్చుని తిట్టుకోకుండా, లేచి నాలుగు వైపుల నుంచీ చూడాలి.

4. ప్రతిధ్వనిని తగ్గించండి

మన ఇళ్లలో కింద టైల్సు, చుట్టూ నున్నటి సిమెంటు గోడలు. శబ్దం వాటికి తగిలి మళ్లీ మీ చెవికే వస్తుంది, మాటలు అలుక్కుపోతాయి. మీరు సోఫాలో కూర్చోండి. ఇంకొకరిని పక్క గోడ మీద చిన్న అద్దాన్ని జరుపుతూ వెళ్లమనండి. అద్దంలో మీకు ముందు స్పీకర్ ఎక్కడ కనిపిస్తుందో సరిగ్గా అక్కడ మందపాటి పరదాగానీ, పుస్తకాల అరగానీ పెట్టండి. టీవీకీ సోఫాకీ మధ్య నేల మీద పాత బొంత పరిచినా సరే. పలచటి నూలు పరదా దీనికి చాలదు.

మన బుర్రలో తిరిగే పాత మాటలూ అంతే. నిన్నటి అవమానం ఇవాళ్టి మాటను సరిగ్గా విననివ్వదు. దాన్ని అణచకపోతే కొత్త విషయం తలకెక్కదు.

5. శ్రుతి చేయండి

విజయనగరంలో పూసపాటి విజయరామ గజపతిరాజు 1919లో సంగీత పాఠశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు, వయొలిన్ నేర్పింది ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల, పి.సుశీల అక్కడ చదువుకున్నవాళ్లే. అలాంటి బడిలో నేర్చుకున్న ఏ విద్వాంసుడైనా వేదికెక్కగానే పాట మొదలుపెట్టడు, ముందు తంబురా శ్రుతి సరిచూసుకుంటాడు. స్పీకర్లన్నిటినీ నడిపే మీ రిసీవర్‌కూ ఆ పని చేయండి. దాంతోపాటు మైకు ఇచ్చి ఉంటే మీరు కూర్చునేచోట చెవి ఎత్తులో పెట్టి, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆటో సెటప్ నడపండి. మైకు లేకపోతే ప్రతి స్పీకర్ దూరాన్ని టేపుతో కొలిచి సెట్టింగుల్లో రాయండి. అన్నీ ఒకే స్థాయిలో వినిపించేలా సరిచేయండి. చిన్న స్పీకర్లయితే 80 హెర్ట్జ్ కింది శబ్దాన్ని సబ్‌వూఫర్‌కు అప్పగించండి. ప్రతి ఒక్కరూ అన్నీ మోయాలనుకుంటే ఏదీ సవ్యంగా జరగదు. పని పంచినప్పుడే ఎవరి గొంతు వాళ్లది పలుకుతుంది.

6. గోడ అవతలివాళ్లను గుర్తుంచుకోండి

బాస్ గోడలు దాటిపోతుంది. సబ్‌వూఫర్ కింద రబ్బరు దిళ్లు వేయండి, గోడకు ఆనించకండి. రాత్రి తొమ్మిది దాటాక రిసీవర్‌లో నైట్ మోడ్ పెట్టండి. పెద్ద మోతలు తగ్గి, చిన్న మాటలు వినబడతాయి. పక్కింటి పిల్లాడు పరీక్షకు చదువుకుంటుంటే మన ఆనందం వాడి నిద్ర మీద, చదువు మీద పడకూడదు. పక్కవాడిని ఇబ్బంది పెట్టకుండా సంతోషించడం తెలిసినవాడే సంస్కారవంతుడు.

ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. కొత్తగా ఏదీ కొనకండి. టేపు, అద్దం, బొంత తీసుకుని ఉన్నవాటినే సర్దండి, జరపండి, వినండి. ఆ గంట తర్వాత కూడా లోటు అనిపిస్తే అప్పుడు దుకాణానికి వెళ్లండి. సోమవారం నుంచి మీ పనికీ, మీ జీతానికీ, మీ సమయానికీ ఇదే పద్ధతి పెట్టుకోండి. ఉన్నదాన్ని పూర్తిగా వాడుకోవడం తెలిసినవాడికే ఇంకా కావాలని అడిగే అర్హత ఉంటుంది.