నర్స్ ప్రాక్టీషనర్‌కు మొదటి ఉద్యోగం



నర్సు పనిలో ఒక్కరైనా లేని బంధువర్గం మనలో చాలా తక్కువ. బళ్ళారి, కోలారు, వేలూరు, బరంపురం, షోలాపూర్, యానాం – ఎక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాన్ని అడిగినా ఒక అక్కో, పిన్నో, మేనకోడలో ఆసుపత్రిలో పనిచేస్తున్నదని చెబుతారు. అయితే ఈ మధ్య మన బిడ్డలలో కొందరు బి.ఎస్సీ. నర్సింగ్‌తో ఆగక, ఇంకా రెండేళ్ళు చదివి "నర్స్ ప్రాక్టీషనర్" అనే పేరుతో బయటికి వస్తున్నారు. చదువు ముగిసిన మరునాటి నుండి ఇంట్లో ఒకే ప్రశ్న: "ఇంత చదివావు గదా, ఉద్యోగం ఏది? మామూలు నర్సు జీతానికేనా ఈ రెండేళ్ళు పోగొట్టుకున్నది?" ఈ ప్రశ్నకు బిడ్డ దగ్గర జవాబు ఉండాలి, తల్లిదండ్రులకు ఓపిక ఉండాలి. ఆ రెండింటి కోసమే ఈ పాఠం.

1. ఈ చదువు ఏమిటి?

నర్స్ ప్రాక్టీషనర్ అనే ఆలోచన అమెరికాలో పుట్టింది. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి మొదటి శిక్షణను ప్రారంభించారు. డాక్టర్లు చాలని చోట, బాగా తర్ఫీదు పొందిన నర్సు రోగిని పరీక్షించి, కొంత వైద్యం తానే చేయగలదని వారు చూపించారు.

మన దేశంలో రెండు మార్గాలు ఏర్పడ్డాయి. మొదటిది, భారత నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన "నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్" అనే రెండేళ్ళ పోస్టు గ్రాడ్యుయేట్ చదువు. బి.ఎస్సీ. నర్సింగ్ చదివి, రిజిస్టరై, కనీసం ఒక సంవత్సరం ఆసుపత్రి అనుభవం ఉన్నవారు దీనిలో చేరవచ్చు. ఆ అనుభవం ఐ.సి.యు.లో అయితే మరీ మేలు. ఇది రెసిడెన్సీ పద్ధతి. ఎక్కువ కాలం రోగి మంచం దగ్గరే నేర్చుకోవాలి. రెండవది, కాన్పుల విషయమైన "నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ". కేంద్ర ప్రభుత్వం 2018లో దీనికి మార్గదర్శకాలు విడుదల చేసింది. అంతకు ముందే 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్‌ల సహాయంతో కరీంనగర్‌లో ఇటువంటి శిక్షణను ఆరంభించింది. ఈ రెండవ మార్గం చాలావరకు ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న నర్సులకు సంబంధించినది. కాబట్టి ఈ పాఠంలో మొదటి మార్గాన్ని గురించే ఎక్కువగా చెబుతున్నాము.

2. చిక్కు ఎక్కడున్నది?

ఆసుపత్రి ప్రకటనలు చూడండి. "స్టాఫ్ నర్సులు కావలెను" అని ఉంటుంది. "నర్స్ ప్రాక్టీషనర్ కావలెను" అని అరుదుగా కనబడుతుంది. చాలా ఆసుపత్రులలో ఆ పేరుతో పోస్టే లేదు. మేనేజరు దగ్గర స్టాఫ్ నర్సు, ఇన్‌ఛార్జి, సూపర్నెంటు అనే మెట్లున్నవి గాని, ఈ కొత్త మెట్టు లేదు. అందువలన చదువు పూర్తి చేసిన బిడ్డ పాత మెట్టు మీదనే నిలబడవలసి వస్తుంది. కొందరు విసిగి నర్సింగ్ కళాశాలల్లో పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోతారు. అది తప్పు కాదు గాని, రోగి దగ్గర పనిచేయాలని చదివిన చదువు రోగికి దూరమవుతుంది.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. మన దేశంలో నర్స్ ప్రాక్టీషనర్ స్వతంత్రంగా క్లినిక్ పెట్టుకొని మందులు వ్రాసే అధికారి కాదు. ఆసుపత్రి వ్రాసి ఆమోదించిన పద్ధతుల ప్రకారం, స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం మందులు, పరీక్షలు, చికిత్స నిర్ణయించవచ్చును. అనగా మీ అధికారం మీ డిగ్రీ కాగితంలో సగమే ఉన్నది. మిగతా సగం మీరు చేరబోయే ఆసుపత్రి పద్ధతుల పుస్తకంలో ఉన్నది. కనుక మొదటి ఉద్యోగాన్ని వెతకడమంటే జీతం వెతకడం మాత్రమే కాదు. ఆ పుస్తకం ఉన్న చోటును, లేదా దానిని వ్రాయడానికి ఇష్టపడే చోటును వెతకడం.

3. మొదట కాగితాలు

వలస కుటుంబాల బిడ్డలకు ఇది ముఖ్యం. చదివినది ఒక రాష్ట్రం, ఇల్లు ఇంకొక రాష్ట్రం, ఉద్యోగం మూడవ రాష్ట్రం కావచ్చును. నర్సు రిజిస్ట్రేషన్ రాష్ట్ర కౌన్సిల్ చేతిలో ఉంటుంది. కర్ణాటకలో రిజిస్టరైన అమ్మాయి మహారాష్ట్రలో పనిచేయాలంటే, కర్ణాటక కౌన్సిల్ నుండి అవసరమైన పత్రాలు తీసుకొని మహారాష్ట్ర కౌన్సిల్‌లో నమోదు కావాలి. దీనికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఉద్యోగం దొరికిన తరువాత మొదలుపెడితే ఆ ఉద్యోగం మీ కోసం ఆగదు.

కాబట్టి చదువు చివరి నెలల్లోనే ఈ పనులు చేసుకోండి.

అ) బి.ఎస్సీ. రిజిస్ట్రేషన్ గడువు చూసుకోండి, రెన్యువల్ చేయించండి.

ఆ) పోస్టు గ్రాడ్యుయేట్ డిగ్రీని "అదనపు అర్హత"గా కౌన్సిల్‌లో నమోదు చేయించండి. చాలామంది దీనిని వదిలేస్తారు.

ఇ) భారత నర్సింగ్ కౌన్సిల్ వారి జాతీయ నర్సుల రిజిస్టరులో మీ పేరు, నంబరు సరిగా ఉన్నవో లేదో చూసుకోండి. ఆధార్‌లో పేరు ఒక విధంగా, పదవ తరగతి సర్టిఫికెట్‌లో ఇంకొక విధంగా ఉండటం మన ఇళ్ళలో సామాన్యం. ఇంటి పేరు ఒక కాగితంలో ముందు, ఇంకొక కాగితంలో వెనుక ఉంటుంది. ముందే సరిచేయించండి.

ఈ) బి.ఎల్.ఎస్., ఎ.సి.ఎల్.ఎస్. కార్డులు రెండేళ్ళే చెల్లుతాయి. గడువు దాటితే మళ్ళీ చేయించండి.

యానాం వారికి ఒక మాట. చుట్టూ ఆంధ్ర జిల్లాలే ఉన్నా, యానాం పుదుచ్చేరి పరిపాలనలో ఉన్నది. ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనలు అక్కడినుండి వస్తాయి. నివాస పత్రాలు కూడా ఆ ప్రకారమే సిద్ధం చేసుకోవాలి.

4. ఎక్కడ వెతకాలి?

మొదట మీరు రెసిడెన్సీ చేసిన ఆసుపత్రినే అడగండి. అక్కడి ఐ.సి.యు. డాక్టర్లు మీ చేతి పని చూశారు. మీ కోసం మాట్లాడగలిగిన మొదటివారు వారే.

రెండవది, పెద్ద ఐ.సి.యు.లు ఉండి, రాత్రివేళ డాక్టర్లు తక్కువగా ఉన్న ఆసుపత్రులు. హోసూరు, బరంపురం, చంద్రపూర్ వంటి ఊళ్ళలో ఇటువంటివి ఉంటాయి. బెంగుళూరు, చెన్నై, ముంబయిలలో పేరు పెద్దదైనా పోటీ కూడా పెద్దదే.

మూడవది, ప్రభుత్వ మార్గం. ఎయిమ్స్ సంస్థలు 2020 నుండి "నార్‌సెట్" అనే ఉమ్మడి పరీక్ష ద్వారా నర్సింగ్ ఆఫీసర్లను తీసుకొంటున్నాయి. 7వ వేతన సంఘం ప్రకారం ఆ పోస్టుకు లెవెల్ 7, అనగా ఆరంభ మూలవేతనం 44,900 రూపాయలు. ఇది నర్స్ ప్రాక్టీషనర్ పోస్టు కాదు, నర్సింగ్ ఆఫీసర్ పోస్టు. అయినా స్థిరమైన ఉద్యోగం. ఇంటి పరిస్థితినిబట్టి దీనిని ఎన్నుకొనేవారిని ఎవరూ తక్కువ చేయకూడదు.

5. బయోడేటా, ఇంటర్వ్యూ

బయోడేటాలో "కష్టపడి పనిచేస్తాను" అని వ్రాయడం కంటె చేసిన పనిని లెక్కతో వ్రాయండి. మీ లాగ్ బుక్ తెరవండి. ఎంతమంది వెంటిలేటరు రోగులను చూశారు? ఎన్ని ఆర్టీరియల్ రక్త నమూనాలు తీశారు? ఎన్ని సెంట్రల్ లైన్లకు సహాయం చేశారు, ఎన్ని పర్యవేక్షణలో స్వయంగా చేశారు? "సహాయం చేశాను", "స్వయంగా చేశాను" అనే రెండింటినీ కలిపి వ్రాయకండి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే అది బయటపడుతుంది.

భాషలు తప్పక వ్రాయండి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పక్కింట్లో తమిళం, సినిమాలతో హిందీ – ఇలా పెరిగిన మన బిడ్డలు దీనిని గొప్పగా అనుకోరు. కాని ఐ.సి.యు. బయట కూర్చున్న ముసలి తల్లికి ఆమె భాషలో కొడుకు పరిస్థితి చెప్పగలిగిన మనిషి ఆసుపత్రికి ఎంత అవసరమో మేనేజరుకు తెలుసు.

ఇంటర్వ్యూలో ఇటువంటి ప్రశ్న రావచ్చును: "రాత్రి రెండు గంటలు. 60 కిలోల రోగి. జ్వరం, బి.పి. 80/50, శ్వాస నిమిషానికి 30. డాక్టరు పై అంతస్తులో ఇంకొక రోగి దగ్గర ఉన్నారు. ఏమి చేస్తారు?"

జవాబు వరుసగా చెప్పాలి. వెంటనే డాక్టరుకు కబురు చేస్తాను. ఊరక "రండి" అనక, రోగి ఎవరు, ఏమి జరిగింది, నేను చూసినదేమిటి, నాకు కావలసినదేమిటి అని నాలుగు ముక్కల్లో చెబుతాను. ఆక్సిజన్ పెడతాను. లాక్టేట్‌కు రక్తం తీస్తాను. యాంటిబయాటిక్‌కు ముందే బ్లడ్ కల్చర్ తీస్తాను. అయితే దానికోసం మందును ఆలస్యం చేయను, గంటలోపల పడేటట్టు చూస్తాను. సెలైన్ వంటి ద్రవం కిలోకు 30 మి.లీ. లెక్కన, ఈ రోగికి సుమారు 1,800 మి.లీ., మొదటి మూడు గంటల్లో ఎక్కేటట్టు చూస్తాను. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నదేమో కనిపెట్టి మళ్ళీ మళ్ళీ పరీక్షిస్తాను. సగటు రక్తపోటు 65కు చేరకపోతే నార్ అడ్రినలిన్ అవసరమవుతుంది.

ఇంతవరకు మంచి నర్సు కూడా చెప్పగలదు. నర్స్ ప్రాక్టీషనర్ దీనికి ఒక మాట చేర్చాలి: "వీటిలో స్టాండింగ్ ఆర్డరు ప్రకారం నేను ఆరంభించగలవి ఇవి, డాక్టరును అడిగి చేయవలసినవి ఇవి." తన హద్దు తెలిసినవాని చేతికే అధికారం ఇస్తారు.

"మాకు నర్సులున్నారు, డాక్టర్లున్నారు, మధ్యలో మీరెందుకు?" అని కూడా అడుగుతారు. కోపం తెచ్చుకోకండి. ఇలా చెప్పవచ్చును: "అయ్యా, డ్యూటీ డాక్టర్లు మారుతూ ఉంటారు. నేను ఇదే ఐ.సి.యు.లో ఉంటాను. వెంటిలేటరు తీయదగిన రోగిని ఉదయాన్నే గుర్తిస్తాను, వార్డులో దిగజారుతున్న రోగిని ముందుగా చూస్తాను, కొత్త నర్సులకు నేర్పిస్తాను. ఆరు నెలలు నా పని చూడండి."

6. సంతకానికి ముందు

ఇక్కడే మన బిడ్డలు ఎక్కువగా నష్టపోతారు. చదువు అప్పు వాయిదా తరుముతుంటుంది. "ఏదో ఒకటి చేరమ్మా" అని ఇంట్లో అంటారు. అమ్మాయి చదవకుండానే సంతకం పెడుతుంది. దయచేసి ఈ ఐదు ప్రశ్నలు అడగండి.

ఒకటి: నియామక పత్రంలో నా హోదా ఏమి వ్రాస్తారు? "స్టాఫ్ నర్సు" అని వ్రాసి నర్స్ ప్రాక్టీషనర్ పని చేయిస్తే, ఏదైనా పొరపాటు జరిగిన రోజున మీకు అండగా కాగితం ఉండదు.

రెండు: వ్రాతపూర్వకమైన స్టాండింగ్ ఆర్డర్లు ఉన్నవా? ఎవరు సంతకం చేశారు? నోటి మాట మీద మందు మొదలుపెట్టమనే చోట జాగ్రత్త.

మూడు: నా పనిని పర్యవేక్షించే డాక్టరు ఎవరు? రాత్రివేళ ఎవరిని పిలవాలి?

నాలుగు: జీతమెంత? సుప్రీం కోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశం ప్రకారం ఏర్పడిన కమిటీ ప్రైవేటు నర్సుల జీతాలపై సిఫారసులు చేసింది. 200 పడకలకు మించిన ఆసుపత్రిలో రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా. 100కు మించితే దానికంటె 10 శాతానికి మించి తగ్గకుండా. 50 నుండి 100 పడకలైతే 25 శాతానికి మించి తగ్గకుండా. 50 లోపు అయితే నెలకు కనీసం 20,000 రూపాయలు. ఇవి సిఫారసులే, అమలు చేయవలసినది రాష్ట్రాలు. అయినా మాట్లాడేటప్పుడు చేతిలో ఒక కొలత ఉంటుంది. ఇవి సాధారణ నర్సుల లెక్కలు. మీరు అంతకంటె పై చదువు చదివారని మర్యాదగా గుర్తు చేయండి.

ఐదు: బాండు ఉన్నదా? "రెండేళ్ళు చేయాలి, మానితే లక్ష కట్టాలి, అంతవరకు ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర" అంటే ఒప్పుకోకండి. ఒరిజినల్స్ చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ ఇంటికి తెచ్చుకోండి. అవి మీ సొత్తు. సర్టిఫికెట్లు ఒకరి బీరువాలో ఉంటే, అన్యాయం జరిగినా నోరు తెరవలేరు. మంచి ఉద్యోగం వచ్చినా కదలలేరు. ఆ షరతు తీసివేయకపోతే ఆ ఉద్యోగం వదులుకోవడమే లాభం.

7. ఆ పేరుతో పోస్టు దొరకకపోతే?

స్టాఫ్ నర్సుగానే చేరవలసి వస్తే చేరండి, అయితే ఐ.సి.యు.లోనే చేరండి. చేతి నైపుణ్యం పోనివ్వకండి. చేరేటప్పుడే, "ఆరు నెలలకు నా పని సమీక్షించి, నర్స్ ప్రాక్టీషనర్ హోదా విషయం ఆలోచిస్తాము" అనే ఒక వాక్యం వ్రాతలో అడగండి. ఆ ఆరు నెలల్లో మీరు చేసిన పనిని తేదీలతో ఒక నోటుబుక్కులో వ్రాసుకోండి. రోగుల పేర్లు మాత్రం వ్రాయకండి. ఒక స్టాండింగ్ ఆర్డరు ముసాయిదా, ఉదాహరణకు వెంటిలేటరు తీసే పద్ధతి మీద, తయారుచేసి డాక్టరుకు చూపండి. మెట్టు లేని చోట మెట్టు అలా కట్టబడుతుంది.

8. విదేశం మాట

"అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్లకు మంచి జీతాలట" అని బంధువులు చెబుతారు. నిజమే. కాని ఇక్కడి డిగ్రీతో అక్కడ నేరుగా నర్స్ ప్రాక్టీషనర్ కాలేరు. ముందుగా ఎన్‌క్లెక్స్ పరీక్ష వ్రాసి రిజిస్టర్డ్ నర్సు కావాలి. నర్స్ ప్రాక్టీషనర్ కావడానికి అక్కడి గుర్తింపు పొందిన చదువు, జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష, ఆ రాష్ట్రపు లైసెన్సు కావాలి. ఏజెంటు ఎవరైనా "నేరుగా పంపిస్తాను" అంటే డబ్బు కట్టకండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మొదటి ఉద్యోగానికి మూడు నాలుగు నెలలు పట్టినంత మాత్రాన బిడ్డ చదువు వ్యర్థమైనట్టు కాదు. పక్కింటి అమ్మాయి జీతంతో పోల్చి మాట్లాడకండి. అప్పు వాయిదా విషయం బ్యాంకుతో మీరే మాట్లాడండి. ఆ భారం వలన బిడ్డ తప్పు కాగితం మీద సంతకం పెట్టకుండా కాపాడండి. సీనియర్ నర్సులైన మన అక్కలు, అత్తలు కొత్తవారి బయోడేటా ఒకసారి చదివి, ఇంటర్వ్యూ ప్రశ్నలు ఇంట్లోనే అడిగి అలవాటు చేస్తే అది పెద్ద సహాయం.

ఆలోచించి చర్చించుటకు ప్రశ్నలు

1. నర్స్ ప్రాక్టీషనర్ అధికారంలో సగం ఆసుపత్రి పద్ధతుల పుస్తకంలో ఉన్నదని ఎందుకు అన్నాము?

2. మీ రాష్ట్రం వదిలి వేరే రాష్ట్రంలో పనిచేయాలంటే ఏ ఏ కాగితాలు కావాలి? అవి మీ దగ్గర ఉన్నవా?

3. పైన చెప్పిన రాత్రి రెండు గంటల రోగి విషయంలో, మీ ఆసుపత్రిలో డాక్టరును అడగకుండా మీరు ఆరంభించగలవి ఏవి?

4. జీతం బాగుండి, ఒరిజినల్స్ అడిగే ఉద్యోగం. జీతం కొంచెం తక్కువైనా స్టాండింగ్ ఆర్డర్లు వ్రాతలో ఉన్న ఉద్యోగం – వీటిలో ఏది ఎన్నుకొంటారు? ఎందుకు?