రోజూ తడిపినా లాన్ ఎండుతోందా?

ప్రశ్న: ఇంటి ముందు లాన్ వేశాం. రోజూ సాయంత్రం పైపుతో నీళ్లు చల్లుతున్నా గడ్డి పసుపు రంగుకు తిరుగుతోంది. ఏ కాలంలో ఎంత నీరు పెట్టాలి?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి, రోజూ పైపైన చల్లడమే అసలు కారణం కావచ్చు. తడి లోపలికి దిగకపోతే వేర్లు పైనే ఉండిపోతాయి. పైమట్టి ఎండగానే గడ్డి వాడిపోతుంది.

ఇకపై తక్కువసార్లు, నిండుగా పెట్టండి. తడిపాక పొడవాటి స్క్రూడ్రైవర్‌ను నేలలో గుచ్చండి. నాలుగైదు అంగుళాలు సులువుగా దిగితే నీరు చాలినట్టే. వేసవిలో రెండు మూడు రోజులకోసారి, చలికాలంలో వారం పది రోజులకోసారి చాలు. వానాకాలంలో వారంపాటు చినుకు లేకపోతేనే పెట్టండి. నడిచిన చోట గడ్డి తిరిగి లేవక అడుగుల గుర్తులు అలాగే ఉంటే దాహంగా ఉన్నట్టు. తెల్లవారుజామునే తడపండి. రాత్రంతా ఆకులు తడిగా ఉంటే బూజు తెగుళ్లు వస్తాయి.

ఇలా చేసినా గుండ్రటి మచ్చలు వ్యాపిస్తున్నా, లాగితే గడ్డి వేర్లు లేకుండా ఊడివస్తున్నా ఆలస్యం చేయకండి. మట్టితో సహా చిన్న ముక్క తీసుకెళ్లి దగ్గర్లోని ఉద్యానశాఖ అధికారికి గానీ, కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ చూపించండి.