ఓడెక్కే పిల్లలకు, ఒడ్డున ఉండే పెద్దలకు

ప్రశ్నలు - జవాబులు

న్యూజిలాండ్‌లో ‘స్పిరిట్ ఆఫ్ న్యూజిలాండ్’ అనే మూడు కొయ్యల తెరచాప ఓడ ఉంది. 1986లో కట్టిన ఈ ఓడ పొడవు 45 మీటర్లు. ఒక్కో విడతకు 40 మంది టీనేజీ పిల్లలు ఎక్కి, 10 రోజుల పాటు దాన్ని నడపడం నేర్చుకుంటారు. ఆస్ట్రేలియాలో ‘యంగ్ ఎండీవర్’ కూడా ఇలాంటిదే. తమ పిల్లలు ఈ ఓడలెక్కాలని చూస్తున్న తెలుగు కుటుంబాల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. ఓడెక్కగానే ఫోన్ తీసేసుకుంటారట. పది రోజులు దాని గొంతు వినకుండా ఉండటం నా వల్ల అయ్యేలా లేదు. రాత్రిళ్లు ఆడపిల్లలు ఎక్కడ పడుకుంటారు? పంపమంటారా?
— ఒక తల్లి, ఆక్లండ్

జవాబు: పంపండమ్మా. ఆడపిల్లలకు, మగపిల్లలకు పడక గదులు విడివిడిగా ఉంటాయి. పిల్లలు ఎంత పని చేసినా, ఓడ బాధ్యత అనుభవమున్న కెప్టెన్‌దీ, సిబ్బందిదీ. ఇంట్లో ఏదైనా అత్యవసరం వస్తే ఎవరికి చెప్పాలో బయల్దేరే ముందే అడిగి, ఆ నంబరు దగ్గర పెట్టుకోండి.

ఫోన్ లేకపోవడం గురించి బెంగపడకండి. చేతిలో ఫోన్ ఉంటే, చిన్న కష్టం రాగానే పిల్ల మీకే ఫోన్ చేస్తుంది. అది లేనప్పుడు పక్క మంచం మీది అమ్మాయిని పలకరిస్తుంది. పది రోజుల్లో ఆమె నేర్చుకునే వాటిలో ఇది చాలా పెద్దది. ఒక్క మాట: రేవులో వీడ్కోలు చెప్పేటప్పుడు మీ భయాన్ని ఆమె చేతిలో పెట్టి పంపకండి.

ప్రశ్న: వచ్చే నెలలో వెళ్తున్నాను. పొద్దున్నే చన్నీళ్ల సముద్రంలో దూకాలంటున్నారు. మిగతా రోజంతా ఏం చేయిస్తారు?
— ఇంటర్ వయసు విద్యార్థిని, హామిల్టన్

జవాబు: దూకడం నిజమే తల్లీ, టిఫిన్ కంటే ముందే. అందరూ కలిసే దూకుతారు కాబట్టి మొదటి రోజు అరుపులే, మూడో రోజుకి అలవాటే. తర్వాత డెక్ కడగడం, బాత్‌రూమ్‌లు శుభ్రం చేయడం, వంటగదిలో సాయం, తెరచాపలెత్తడం. ఒక పెద్ద చాప ఎత్తాలంటే పదిమంది ఒకే లయలో తాడు లాగాలి. ఒకరు ముందు లాగి, ఇంకొకరు వెనక లాగితే చాప అంగుళం కదలదు.

తాళ్లు చాలా ఉంటాయి. ప్రతి తాడుకూ ఒక మేకు, దానికో చోటు. పని అయ్యాక చుట్ట చుట్టి దాని మేకుకే తగిలించాలి. చీకట్లో, వానలో ఇంకెవరో వచ్చి అదే చోట చెయ్యి పెట్టి వెతుకుతారు మరి. తెరచాప ఓడ మీద పొందిక అంటే తర్వాత వచ్చేవాళ్ల గురించి ఆలోచించడమే.

పిల్లల్ని వాచ్‌లుగా, అంటే జట్లుగా విడదీస్తారు. లంగరు వేసి ఆగిన రాత్రి కూడా వంతులవారీగా మేలుకోవాలి. ఒడ్డున కనిపించే దీపాలు దిక్సూచిలో ఏ దిశన ఉన్నాయో మాటిమాటికీ చూస్తారు. ఆ దిశ మారిందంటే లంగరు జారుతోందేమోనని సిబ్బందిని లేపాలి. నిద్రపోతున్న నలభై మందికి ఆ గంట సేపు నువ్వే కాపలా. నీ వంతుకి అయిదు నిమిషాలు ముందే డెక్ మీదకు రా. నువ్వు ఆలస్యం చేస్తే, చలిలో నిలబడేది నీ ముందున్న మనిషి.

ప్రశ్న: ‘యంగ్ ఎండీవర్’కి దరఖాస్తు చేద్దామనుకుంటున్నాను. ఎత్తులంటే నాకు భయం. తెరచాప కొయ్య ఎక్కకపోతే పంపించేస్తారా?
— డిగ్రీ విద్యార్థి, సిడ్నీ

జవాబు: పంపించెయ్యరు బాబూ. 1988లో ఆస్ట్రేలియాకు బ్రిటన్ బహుమతిగా ఇచ్చిన ఓడ అది. నడిపించేది అక్కడి నౌకాదళ సిబ్బంది. ఇలాంటి ఓడల మీద కొయ్య ఎక్కడం ఎవరిష్టం వాళ్లది. కిందుండి తాళ్లు పట్టేవాళ్లు లేకపోతే పైనున్నవాళ్లు చెయ్యగలిగింది కూడా ఏమీ లేదు.

ఎక్కాలనిపిస్తే కొన్ని పద్ధతులున్నాయి. జేబులు ఖాళీ చెయ్యి. గాలి వచ్చే వైపు నుంచే ఎక్కు, గాలి నిన్ను తాళ్ల నిచ్చెన వైపే నొక్కుతుంది. చేతులతో నిలువు తాళ్లనే పట్టుకో, అడ్డ తాళ్లు కాళ్ల కోసం. నడుముకు కట్టిన బెల్టు కొక్కాన్ని సిబ్బంది చూపించిన చోటల్లా తగిలించు. పైన అడ్డకొయ్య కింద వేలాడే తాడు మీద నిలబడి చాప చుట్టాలి. ఒకరు కాలు పెడితే ఆ తాడు అందరి కాళ్ల కిందా కదులుతుంది. అందుకే కాలు పెట్టే ముందు ‘వస్తున్నా’ అని కేకేసి చెప్పి, పక్కవాళ్లు సరేనన్నాకే అడుగు వెయ్యాలి. మొదటి రోజు నాలుగు మెట్లెక్కి దిగినా చాలు, రేపు ఇంకో రెండు.

ప్రశ్న: మావాడికి కారెక్కితేనే వాంతులు. పైగా మేం శాకాహారులం. ఆవకాయ సీసా, నాలుగు రకాల పొడులు సర్దాను. ఇంకేం పంపమంటారు?
— ఒక తల్లి, వెల్లింగ్టన్

జవాబు: సీసా తీసెయ్యండమ్మా. ఓడ ఒరిగినప్పుడు గాజు పగిలితే చెప్పులు లేని కాళ్లకు ప్రమాదం. ఒక పొడి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పంపండి, అది కూడా అనుమతి ఉంటేనే. శాకాహారమని దరఖాస్తులోనే స్పష్టంగా రాయండి. గుడ్డు తింటాడో లేదో కూడా చెప్పండి.

సముద్రం పడకపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. చాలామందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. మాత్ర వేసుకునేదైతే డాక్టర్ని అడిగి, కడుపులో తిప్పడం మొదలవకముందే వేసుకోవాలి. తిప్పినప్పుడు కింద గదిలో ముడుచుకుని పడుకోకుండా డెక్ మీదకు వచ్చి, దూరాన నీళ్లూ ఆకాశమూ కలిసే గీత చూడమనండి. ఖాళీ కడుపుతో ఉండకూడదు. బిస్కెట్లు, అల్లం, గుక్కెడు గుక్కెడు నీళ్లు మంచివి. చుక్కాని పట్టుకున్నవాళ్లకు వికారం తగ్గడం మామూలే. ఓడ ఎటు ఒరగబోతోందో వాళ్ల ఒంటికి ముందే తెలుస్తుంది.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి అవకాశం ఉందా?
— ఇంటర్ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మన నౌకాదళానికి ఐఎన్ఎస్ తరంగిణి, ఐఎన్ఎస్ సుదర్శిని అనే శిక్షణ తెరచాప ఓడలున్నాయి. తరంగిణి 1997లో, సుదర్శిని 2012లో దళంలో చేరాయి. తరంగిణి 2003-04లో ప్రపంచం చుట్టి వచ్చింది. అవి ప్రధానంగా నౌకాదళంలో చేరినవారి కోసం. నువ్వు ఎన్‌సీసీ నేవల్ విభాగంతో మొదలుపెట్టు, పడవ నడపడం అక్కడ నేర్పిస్తారు. హైదరాబాద్ పిల్లలకు హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ క్లబ్బులున్నాయి. 2017-18లో ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ మీద భూగోళం చుట్టి వచ్చిన ఆరుగురు మహిళా అధికారుల్లో మీ విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. వాళ్ల తర్వాత నువ్వెందుకు కాకూడదు?

ప్రశ్న: పది రోజులకే పిల్లలు మారిపోతారా? ఆ రోజుల్లో చదువుకుంటే మేలు కాదా?
— ఒక తండ్రి, ఆక్లండ్

జవాబు: పది రోజుల్లో మనిషి స్వభావం మారదండీ. కానీ తన మీద ఆధారపడే మనుషులున్నారని పిల్లవాడికి అనుభవంలోకి వస్తుంది. ప్రయాణం చివర్లో పిల్లలు తమలోంచే కెప్టెన్‌ని ఎన్నుకుని, దారి గీసుకుని, వంట చేసుకుని ఓడను తామే నడుపుతారు. సిబ్బంది పక్కనే ఉంటారు, ప్రమాదం కనిపిస్తే తప్ప కలగజేసుకోరు. మార్కుల కోసం ఎవరికి వారు చేసే చదువులో ఇది దొరకదు.

మిగతాది మీ చేతుల్లో ఉంది. అబ్బాయి తిరిగొచ్చాక కంచం తీయడం దగ్గర్నుంచి అన్నీ మీరే చేసిపెడితే ఆ పదిరోజులూ వృథా. వారానికో పూట వంటో, నెల సరుకుల లెక్కో పూర్తిగా అతనికే అప్పజెప్పండి. తప్పు చేసినా వెంటనే లాక్కోకండి. ఓడ మీద అసలు కెప్టెన్ చేసింది అదే, ఇంట్లో మీరు చేయాల్సిందీ అదే.